జారని మంచు

హనుమకొండలో ఒక పెళ్లి. భోజనాల బంతిలో నా ఎదురుగా కూర్చున్న మా వాకింగ్ బ్యాచ్ మనిషి ఒకడు, నా నెత్తి మీదున్న ఏసీ వైపు వేలు చూపించి అన్నాడు: "సేటూ, జర పక్కకు జరుగు. దాంట్లకెల్లి మంచు జారి నీ మీద పడ్తదేమో."

బంతి మొత్తం నవ్వింది. నా బామ్మర్ది అందరికంటే ఎక్కువసేపు నవ్వాడు. నవ్వీ నవ్వీ పొలమారి నీళ్లు తాగాడు. పక్క బంతిలో ఉన్న నా భార్య ఏమైందని అడిగి, ఎవరో చెబితే తానూ నవ్వింది. నేను చూశాను. ఇంటికి వచ్చాక అడిగితే, "నవ్వలే, దగ్గొచ్చింది" అంది.

ఇటువంటివి నేను మరిచిపోను. మరిచిపొమ్మని సలహా ఇచ్చినవాళ్లను కూడా మరిచిపోను. ఆ మాట అన్నవాడు అప్పుడు ఏ చొక్కా వేసుకున్నాడో, వాడి విస్తట్లో ఏ కూర మిగిలిందో చెప్పగలను. అయితే ఇప్పుడు రాస్తున్నది వాడి గురించి కాదు. ఒక కొండవాలు గురించి, దాని మీద నేను చెప్పిన మాట గురించి, ఆ మాట చివరికి నా బిడ్డ దగ్గర ఏమైందన్న దాని గురించి.

మాది కాశిబుగ్గ. వరంగల్ మార్కెట్లో పత్తి ఖరీదు చేయడం నా పని. రైతు తెచ్చిన బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగు నుంచి పిడికెడు పత్తి లాగి, పిసికి వదిలి, గింజను పంటికింద పెట్టి కొరికి చూడాలి. టక్కుమంటే ఎండింది. మెత్తగా నలిగితే తేమ ఉంది. బస్తా మూతి దగ్గర పత్తి ఎప్పుడూ బాగానే ఉంటుంది, ఎండ తగిలేది దానికే కనుక. మూతి చూసి ధర చెప్పేవాడు ఈ పనిలో మూడు సీజన్లు నిలబడడు. నా భార్య తమ్ముడు కూడా ఇదే పనిలో ఉన్నాడు. నా దగ్గరే నేర్చుకున్నాడు. ఆ సంగతి ఎక్కడా చెప్పడు.

నాకు షుగర్ వచ్చాక డాక్టర్ నడవమన్నాడు. పొద్దున్నే గ్రౌండులో నడిచే మార్కెట్ వాళ్ల బ్యాచ్‌లో చేరాను. బామ్మర్ది అప్పటికే అందులో పెద్దమనిషి. గ్రౌండు చుట్టూ తిరిగీ తిరిగీ విసుగొచ్చి కోట చుట్టూ నడిచారు, ఆ తర్వాత ఎవడి ఫోన్‌లోనో ఫోటోలు చూసి, సీజన్ సన్నబడ్డాక ఉత్తరాఖండ్ వెళ్లి మంచులో నడుద్దామన్నారు. వెళ్లాం. కంది పొడి, నువ్వుల లడ్డూలు, కారప్పూస అన్నీ మోసుకుని వెళ్లాం. వరంగల్లో మంచు అంటే మాకు ఐసుగోలా బండి మీద గీకేదే.

ఆ మొదటి ఏడు మాకు దారి చూపిన ట్రెక్కు మాస్టారు ఒక మధ్యాహ్నం, మంచును ఎట్లా చదవాలో చూపిస్తాను, రావాలనుకున్నవాళ్లు రండి అన్నాడు. బ్యాచ్ టెంట్లో రమ్మీ ఆడుతోంది. బామ్మర్ది స్లీపింగ్ బ్యాగులోంచి తల మాత్రం బయట పెట్టి, "నువ్వు పోయి సూసి రా బావా, మాకు టిఫిన్ల చెప్పు" అన్నాడు. నేనొక్కణ్నే వెళ్లాను.

ఆయన వాలు మీద నడుము లోతు గుంట తవ్వి, ఒక పక్క గోడను పారతో నున్నగా చేశాడు. పెయింటు బ్రష్షుతో మెల్లగా దులిపితే గోడలో చారలు తేలాయి. పత్తి బేలును అడ్డంగా కోస్తే కనబడే పొరల్లా ఉన్నాయి. ఒక్కో పొరలో పిడికిలి గుచ్చమన్నాడు. ఒకచోట పిడికిలి దిగిపోయింది, ఒకచోట వేలు కూడా దిగలేదు. అన్నిటికంటే కింద, నేలకు జానెడు పైన, చక్కెర లాంటి పలుకులు. వేళ్లతో తాకితే జలజలా రాలాయి. "ఊపర్‌వాలా నయా, నీచేవాలా పురానా. దోనోం కీ దోస్తీ హుయీ క్యా? బస్, యహీ పూఛ్‌నా హై" అన్నాడు. కొత్త మంచు పాత మంచుకు అతుక్కుందా లేదా, అడగాల్సింది అదొక్కటే. అతుక్కోకపోతే పైపొర మొత్తం ఒక పలకలా తెగి జారుతుంది. మనిషి బరువు చాలు, తెగడానికి. తుఫాను తగ్గి ఆకాశం తేటపడిన మొదటి రోజు అన్నిటికంటే చెడ్డదని కూడా చెప్పాడు. ఆ రోజు అందరికీ బయటికి పోవాలనిపిస్తుంది కనుక.

నాకు ఆ పాఠం కొత్తగా అనిపించలేదు. నా జీవితమంతా బస్తా అడుగున ఏముందో చూడడమే కదా. సాయంత్రం టిఫిన్ దగ్గర చెప్పబోయాను. "ముక్క ఏసినంక చెప్పు" అన్నారు, పేకల్లోంచి తల ఎత్తకుండా. ముక్క వేశాక ఎవరూ అడగలేదు.

మరుసటి ఏడు మళ్లీ వెళ్లాం. ఈసారి మాస్టారు వేరు, చాలా చిన్నవాడు. కనుమకు వెళ్లే దారిలో టెంట్లు వేసుకున్నాక తుఫాను పట్టింది. రెండు రోజులు బయటికి రాలేదు. టెంటు మీద మంచు పేరుకుని గుడ్డ మా ముఖాల మీదికి వచ్చేది. లోపలి నుంచి తన్ని దులిపేవాళ్లం. గాలి రాత్రీ పగలూ ఒకే వైపు నుంచి కొట్టింది. మూడో పొద్దున లేచేసరికి ఆకాశం నీలంగా, కడిగిన పళ్లెంలా ఉంది. బ్యాచ్ మొత్తం పిల్లల్లా అరిచింది. ఫోటోలే ఫోటోలు.

కనుమకు చేరాలంటే ఒక వాలును అడ్డంగా దాటాలి. మా గోదాం రేకుల కప్పు కంటే నిటారుగా ఉంది. గాలి అవతలి వైపు మంచును ఊడ్చి తెచ్చి ఈ వాలు మీదే పోసింది. పైన దిండులా ఉబ్బి ఉంది. ఎదుటి కొండ మీద, రాత్రి ఎప్పుడో, ఒక పెద్ద ముక్క తనంతట తానే జారిపోయి, పైన కత్తితో కోసినట్టు గీత మిగిలింది. దగ్గరికి నడుస్తుంటే కాళ్ల కింద 'వుఫ్' మని ఒక శబ్దం వచ్చింది, పాత ఇంటి కప్పు కుంగినట్టు. బామ్మర్ది బూటు దగ్గర నుంచి ఒక సన్నని పగులు మంచులో పాకుతూ పోయింది. నేను ఆగిపోయాను. వాడు పగులు దాటి నడిచాడు.

చిన్న మాస్టారును అడిగాను. అతను వాలు వైపు చూశాడు, బ్యాచ్ ముఖాల వైపు చూశాడు, "ఏక్ ఏక్ కర్కే జా సక్తే హై సర్. ఆప్ లోగ్ దేఖ్ లో" అన్నాడు. ఒక్కొక్కరుగా పోవచ్చు, మీరే చూసుకోండి అని. అడిగినవాడికి జవాబు చెప్పకుండా తిప్పి పంపే పద్ధతి మార్కెట్లోనూ ఉంది.

బామ్మర్ది గ్లౌజు తీసి, పిడికెడు మంచు తీసుకుని, పత్తిని పిసికినట్టు పిసికి, చెయ్యి విప్పి అందరికీ చూపించాడు.

"సూడు బావా. ఎట్ల ముద్దయిందో. ఇంతకంటే గట్టి ఏడుంటది?"

"మీదిది సూస్తానవ్. కిందిది సూడు."

"కిందిది సూడనీకె ఇది రైతు బస్తానా? కొండ. కొండ మోసం జేస్తదా?"

"రైతు గూడ మోసం జెయ్యడు. తేమ జేస్తది."

"అరె, తేమ ఉంటెనే పత్తి ముద్ద గడ్తది, గదే నేర్పినవ్ నాకు. ఇది ముద్ద గడ్తాంది అంటె అతుక్కున్నట్టే గదా!"

వెనక ఎవడో, "బావ బామ్మర్దులు ఖరీదు షురూ జేసిన్రు, ధర ఎంతకు తెగుతదో" అన్నాడు. నవ్వులు.

నేను మాస్టారు పార తీసుకుని, వాలు మొదట్లో, సురక్షితమైన చోట గుంట తవ్వాను. ఊపిరి ఆడలేదు, చేతులు మొద్దుబారాయి. ఎవరూ సాయం రాలేదు. గోడ నున్నగా చేస్తే ఉన్నది ఉన్నట్టు కనిపించింది: పైన గాలి కొట్టి గట్టిపడిన పలక, కింద చక్కెర పలుకులు. పలకకు రెండు పక్కలా కోసి, పైన పార పెట్టి అరచేత్తో తట్టాను. మూడో దెబ్బకు పలక తెగి, బల్ల మీది నుంచి పుస్తకం జారినట్టు నా ఒళ్లోకి వచ్చింది. తల ఎత్తి చూశాను. బామ్మర్ది చెప్పాడు: "నువ్వే గుంజినవ్."

నేను గుంజలేదు. గుంజలేదని ఇప్పటికీ చెబుతున్నాను.

మా బ్యాచ్‌లో ఒక నియమం ఉంది, వాళ్లు పెట్టుకున్నదే: పోతే అందరం పోవాలి, ఒక్కడు ఆగినా అందరం ఆగాలి. మార్కెట్లో రైతు లాటు మొత్తం తీసుకోవాలి కాని మంచి బస్తాలు ఏరుకోకూడదన్న పద్ధతి నుంచి వచ్చింది. నేను ఆ గుంట పక్కన కూర్చున్నాను. బతిమాలారు. తిట్టారు. ఒకడు వచ్చి, "సేటూ, దండం పెడ్త, ఇంట్ల చెప్పుకొని వచ్చిన ఫోటో తీసుకొస్తనని" అన్నాడు. బామ్మర్ది చంకల కింద చేతులేసి లేపబోయాడు. నేను లేవలేదు. ఎండ ఎక్కుతోంది. చివరికి అందరూ వెనక్కి తిరిగారు.

కింది మకాం చేరాక టీ తాగుతుంటే ఎవరో కేక వేశారు. ఆ వాలు మీద నల్లటి చుక్కలు కదులుతున్నాయి. వేరే ఊరి బ్యాచ్ ఒకటి, మిట్టమధ్యాహ్నం ఎండలో, అన్నిటికంటే చెడ్డ వేళలో, ఒకరి వెనక ఒకరు ఆనుకుని దాటుతోంది. మేమందరం టీ గ్లాసులు పట్టుకుని చూశాం. ఒక్కో చుక్క అవతలి రాళ్లలోకి వెళ్లిపోయింది. చివరి చుక్క కూడా వెళ్లిపోయింది. మంచు ఉన్నచోటే ఉంది.

బామ్మర్ది నా వైపు తిరిగి, మెల్లగా, ఎగతాళి లేకుండా అడిగాడు: "నిజం చెప్పు బావా. పడితే బాగుండని అనుకున్నవా లేదా?"

అది నాకు తగిలినన్ని దెబ్బల్లో పెద్దది. నేను అనుకోలేదు. ప్రతి చుక్కా దాటాలనే చూశాను. కాని వాడు ఆ ప్రశ్న అడిగాక ఒకటి అర్థమైంది. నా మాట నిజమని తేలాలంటే ఎవరో చావాలి. ఎవరూ చావకపోతే నా మాట అబద్ధం. ఇటువంటి మాట చెప్పినవాడికి లోకంలో గెలుపు లేదు.

వరంగల్ వచ్చాక ఏమైందో చెప్పనక్కర్లేదు. మార్కెట్ యార్డులో నేను బస్తాలో చెయ్యి పెడితే, "జాగర్త సేటూ, జారుతది" అనేవారు. టీ కొట్టువాడు కూడా నేర్చుకున్నాడు. మరుసటి ఏడు నన్ను పిలవకుండా వెళ్లారు, అదే వాలు దాటారు, ఫోటోలు పెట్టారు. ఆ మరుసటి ఏడూ అంతే. మా పనిలో ఒక చెడ్డ అలవాటు ఉంది. ఒక ఖరీదుదారు చెయ్యి పెట్టి చూసిన బస్తాలో రెండోవాడు చెయ్యి పెట్టడు. మొదటివాడి ధర విని, దాని మీద రూపాయి ఎక్కువో తక్కువో చెబుతాడు. 'చెయ్యి పడ్డ బస్తా' అంటారు దాన్ని. బామ్మర్ది ఆ వాలుకు ఆ పేరే పెట్టాడు. "చెయ్యి పడ్డ కొండ బావా అది. ఎంతమంది దాటిన్రు!" అనేవాడు. బస్తాలో పత్తి నిన్నా ఇవాళా ఒకటే, మంచు ఏ తుఫానుకు ఆ తుఫాను కొత్తది అని చెప్పాను. ఎన్నిసార్లు చెప్పానో. ప్రతి ఏడూ వాళ్లు క్షేమంగా తిరిగి వచ్చి, నా మాట మీద ఇంకో పొర మన్ను పోశారు.

ఈ ఏడు నా బిడ్డ పోతానంది. ఒక్కతే బిడ్డ. హనుమకొండలో ఫిజియోథెరపీ క్లినిక్‌లో పని చేస్తుంది, ముసలివాళ్ల మోకాళ్లు వంచి నడిపిస్తుంది. మేనమామ అంటే ప్రాణం. చిన్నప్పుడు వాడి స్కూటర్ మీద ముందు నిలబడి తిరిగింది.

"మామ ఇన్నిసార్లు పోయిండు. ఏమైంది డాడీ?"

"ఏం గాలె."

"మరి?"

"ఏం గాకపోతే, ఏం లేనట్టు గాదు బిడ్డా."

"గట్లంటే ములుగు రోడ్డు మీద గూడ పోవద్దు. అక్కడ లారీలు లేవా?"

వంటింట్లోంచి నా భార్య: "నీకు భయమైతే నువ్వు పడు. పిల్లకెందుకు పూస్తవ్ ఆ భయం? నా తమ్ముడు ఉంటడు గదా ఎంబడి."

"నీ తమ్ముడు ఉంటడనే నా భయం."

దాని మీద రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. ఆపలేనని తెలిశాక, కనీసం నేర్పిద్దామనుకున్నాను. హాల్లో బల్ల వాల్చి, కొత్తవాడ జంపఖానాలు రెండు పరిచాను. మధ్యలో చక్కెర చల్లాను. బల్ల ఒక చివర మెల్లగా ఎత్తాను. పైది కదలలేదు. ఇంకొంచెం ఎత్తి, వేలితో ఒక్కచోట తట్టాను. పై జంపఖానా మొత్తం ఒకేసారి సర్రున జారి కింద పడింది. నా బిడ్డ ఫోన్‌లో వీడియో తీసింది, నవ్వింది, మళ్లీ చెయ్యమంది. మళ్లీ చేశాను. ఈసారి నవ్వలేదు. చక్కెరను వేలితో అద్ది చూసింది. "ఓకే డాడీ. తవ్వి చూస్త. ప్రామిస్" అంది. నా భార్య వచ్చి చీమలు పడతాయని చీపురు నా చేతికిచ్చింది.

వాళ్లు వెళ్లాక నేను ఫోన్‌లో అక్కడి వాతావరణం చూడడం తప్ప వేరే పని చేయలేదు. తుఫాను పట్టింది. నేను చూసిన తుఫాను లాంటిదే. తగ్గిన పొద్దున నేను యార్డులో ఉన్నాను. వేలం నడుస్తోంది, బస్తాలు దింపుతున్నారు, లారీల హారన్లు. ఫోన్ మోగింది. టెంట్ల పైన గట్టు మీద ఒక్కచోట సిగ్నల్ దొరుకుతుంది, నా బిడ్డ అక్కడి నుంచి చేసింది.

"డాడీ, తవ్విన."

నేను బేళ్ల చాటుకు వెళ్లి ఒక చెవి మూసుకున్నాను. "చెప్పు. మీద ఏముంది?"

"మీద మెత్తగ. దాని కింద అట్ట లెక్క గట్టిగుంది. దాని కింద..." ఆగింది. "నువ్వు సల్లిన చక్కెరే డాడీ. అచ్చం గట్లనే రాలుతాంది."

"పార పెట్టి కొట్టినవా?"

"కొట్టకముందే జారింది. కోస్తాంటెనే జారింది."

"బిడ్డా, ఎనక్కి తిరుగు. నా మాట విను. అందరికీ చెప్పు."

ఫోన్ చేతులు మారిన శబ్దం. బామ్మర్ది. "బావా, నమస్తే. ఏం ఫికర్ జెయ్యకు. మొన్న ఒక బ్యాచ్ దాటిందట. చెయ్యి పడ్డది."

"మొన్న ఎప్పుడు? మంచు పడకముందా, పడ్డంకనా?"

"గదంత ఎవరికెర్క? దాటిన్రు."

"ముందు దాటితే అది వేరే కొండరా! అదీ ఇదీ ఒకటి గాదు!"

"అరవకు బావా, ఈడ అందరు ఇంటాన్రు. స్పీకర్ల ఉన్నవ్." వెనక నవ్వులు వినిపించాయి. పెళ్లిలో ఏసీ గురించి అన్నవాడి నవ్వు గుర్తుపట్టాను.

"పిల్లకియ్యి."

మళ్లీ నా బిడ్డ. పక్కకు నడుస్తున్నట్టుంది, గాలి చప్పుడు, స్పీకర్ తీసేసింది.

"నువ్వు చెప్పింది కరెక్టే డాడీ. నాకు కనబడ్తాంది."

"అయితే కూసో అక్కడ. నియమం ఉంది మీకు. ఒక్కరు కూసుంటే అందరు ఆగాలె. కూసో బిడ్డా."

సిగ్నల్ పోయిందనుకున్నాను. తర్వాత చాలా మెల్లగా అంది: "కూసుంటే ఏమైతదో నాకు ఎర్కనే గదా. నిన్ను చూసిన. ఇన్నేండ్ల సంది అందరు ఎట్ల నవ్వుతాన్రో చూసిన. యార్డుల, పెండ్లిల, ఇంట్ల. నాతోని గాదు డాడీ."

"నవ్వితే నవ్వనీ..."

"నువ్వు ఒక్కటన్న మరిచిపోయినవా?"

తర్వాత నిజంగానే సిగ్నల్ పోయింది.

నేను మళ్లీ మళ్లీ చేశాను. మీరు చేసిన నంబరు అందుబాటులో లేదు అని మూడు భాషల్లో చెప్పింది. రైతుల సరుకు అమ్మించే అడ్తిదారు వచ్చి, లాటు చూడమని పిలిచాడు. బస్తాలో చెయ్యి పెట్టాను. పత్తి తీసి పట్టుకున్నాను. తడో పొడో తెలియలేదు. గింజ కొరికితే ఏం శబ్దం వచ్చిందో వినబడలేదు. "ఏమైంది సేటూ?" అన్నాడు. నోటికొచ్చిన ధర చెప్పి ఇంటికి వచ్చేశాను.

నా భార్య మొదట ఎప్పటిలాగే, "ఊకె పరేషాన్ గాకు" అంది. నేను పొరల గురించి చెప్పలేదు. బిడ్డ అన్న మాట ఒక్కటే చెప్పాను. ఆమె పొయ్యి ఆపేసి వచ్చి నా పక్కన కూర్చుంది. సాయంత్రం దాకా ఇద్దరం ఫోన్‌ను మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. ఆమె ఒకసారి తమ్ముడి నంబరుకు చేసింది, కలవలేదు. ఒకసారి, "గిన్నిసార్లు పోయి వచ్చిండు గదా" అంది, ఎవరికి చెబుతోందో తెలియకుండా. ఇన్నేళ్లలో మొదటిసారి, నా మాట అబద్ధం కావాలని, అందరి ముందూ అబద్ధం కావాలని, ఊరంతా నవ్వాలని కోరుకున్నాను.

ఆ రోజు ఫోన్ రాలేదు. మర్నాడు మధ్యాహ్నం దాటాక వచ్చింది.

"దాటినం డాడీ. ఏం గాలె. కిందికి దిగినం."

నా భార్య ఫోన్ లాక్కుని ఏడ్చింది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. వెనక నుంచి బామ్మర్ది గొంతు, "అక్కా, బావకు చెప్పు, నీ కొండ ఇంకా ఆన్నే ఉందని" అని అరుస్తున్నాడు. నా భార్య ఏడుస్తూనే నవ్వింది. ఫోన్ పెట్టేశాక కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగి, "సూసినవా? నిన్నటి సంది పానం దీసినవ్" అంది.

వాళ్లు వచ్చిన మర్నాడు నా బిడ్డ సోఫాలో కూర్చుని వీడియోలు చూపించింది. ముఖం ఎండకు కమిలి నల్లబడింది, పెదవులు పగిలాయి, కళ్లలో మాత్రం నేనెప్పుడూ చూడని వెలుగు. వాలు దాటేటప్పుడు వెనక వస్తున్న ఒకతను తీసిన వీడియో ఒకటి. మాస్టారు దూరం దూరంగా నడవమన్నాడట. ఎవరూ దూరం పాటించలేదు. వరుసలో నాలుగో మనిషి నా బిడ్డ, పసుపు జాకెట్టు. కెమెరా కొంచెం పైకి లేచి, వరుసతో పాటు పైన వాలునూ ఆకాశాన్నీ చూపించింది. నేను ఆపమన్నాను. వెనక్కి తిప్పమన్నాను.

వాళ్ల నెత్తి మీద, కొంత ఎత్తున, తెల్లటి మంచులో ఒక సన్నని నీలి గీత. వాలుకు అడ్డంగా, వరుస మొత్తాన్ని దాటి పోయేంత పొడవు.

"అది నీడ డాడీ" అంది.

"దేని నీడ?"

పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. ఆమె వీడియోను మళ్లీ వెనక్కి తిప్పింది. వేళ్లతో పెద్దది చేసి చూసింది. అందరికంటే ముందున్న మాస్టారు బూటు పడకముందు ఆ గీత లేదు, పడ్డాక ఉంది. ఆమె చాలాసేపు చూసింది. మంచు తెగింది, జారలేదు. ఎందుకు ఆగిందో నాకు తెలియదు. ఎవరికీ తెలియదు.

వంటింటి వైపు ఒకసారి చూసి, "అమ్మకు చెప్పకు" అంది. తర్వాత నా కళ్ల ముందే ఆ ముక్కను కత్తిరించేసి, మిగిలిన వీడియోను బ్యాచ్ గ్రూపులో పెట్టింది. వెంటనే బొటనవేళ్ల, చప్పట్ల, మంటల బొమ్మలు వచ్చాయి. మేనమామ రాశాడు: నెక్స్ట్ ఇయర్ సేమ్ ప్లేస్, బావను గూడ కట్టేసి తీసుకపోదాం. ఆమె దానికి నవ్వు బొమ్మ పెట్టింది.

"మళ్ల పోతవా?" అని అడిగాను.

"పోత డాడీ."

"చూసినవ్ గదా."

"చూసిన."

ఇన్నాళ్లూ వాళ్లకు తెలియక పోతున్నారనుకున్నాను. తవ్వి చూపిస్తే, చక్కెర చల్లి చూపిస్తే, ఎవరో ఒక్కరికైనా తెలిస్తే, ఆ ఒక్కరు ఆగుతారనుకున్నాను. నా బిడ్డకు తెలుసు. మా బ్యాచ్‌లో ఎవరికంటే బాగా తెలుసు, బహుశా ఆ చిన్న మాస్టారు కంటే కూడా. ఇక ఆమెకు నేను నేర్పవలసింది ఏదీ మిగల్లేదు.

ఎప్పుడు అని అడిగాను. ఇంకా తారీఖు అనుకోలేదంది.